జలుబు మాత్రం పోలేదు

సంపాదకునికి,

‘కరోనా రోజుల్లో మాస్కులు పెట్టి, ఇంట్లో కూర్చోబెట్టి పిల్లల ఇమ్యూనిటీ పోగొట్టారు’ అన్న మాట ఇప్పటికీ వింటున్నాను. అందులో సగమే నిజం.

2020లో ఆస్ట్రేలియా చలికాలంలో ఫ్లూ దాదాపు కనిపించలేదు. సరిహద్దులు మూసేశాక బయటి నుంచి వచ్చే దారి కూడా బాగా తగ్గిపోయింది. ఫ్లూ వైరస్‌లలో ఒకటైన ఇన్‌ఫ్లుయెంజా-బి యమగటా రకమైతే 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు. ఇక ఫ్లూ టీకాలో అది అక్కర్లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. కరోనా కోసం వేసిన వలలో ఈ చేప పడిందన్నమాట! మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ మాత్రం తిరుగుతూనే ఉంది. దానికి పైన కొవ్వు పొర ఉండదు, శానిటైజర్‌కు అంత తేలిగ్గా చావదు.

పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సంగతి వేరు. ఆంక్షలతో తగ్గి, అవి సడలగానే కాలం కాని కాలంలో, 2021 వేసవిలో అమెరికాలో విజృంభించింది. పిల్లల ఒంట్లో శక్తి చచ్చిపోయి కాదు. అప్పటిదాకా ఆ వైరస్ తగలని పిల్లలు ఎక్కువమంది పోగుపడ్డారు, అందరికీ ఒకేసారి తగిలింది.

లాక్‌డౌన్ మళ్లీ ఎవరూ కోరరు. దగ్గుతున్న పిల్లాడిని రెండ్రోజులు ఇంట్లో ఉంచడానికి లాక్‌డౌన్ అక్కర్లేదు కదా. నూరు శాతం హాజరుకు బహుమతులిచ్చే బడులు ముందు ఆ పద్ధతి మానుకోవాలి.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, తెనాలి