వాల్వు మార్పిడి వార్తలో రాయని సగం

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ అనంతపురం జిల్లా పేజీలో ‘కోత లేదు, కుట్టు లేదు, మూడో రోజే ఇంటికి’ అని టావీ చికిత్స గురించి అర పేజీ వార్త వేశారు. గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలోని అయోర్టిక్ వాల్వు బిగుసుకుపోతే, ఛాతీ తెరవకుండా తొడ ధమని గుండా కొత్త వాల్వును పంపడం గొప్ప వైద్యమే, అనుమానం లేదు. 2002లో ఫ్రాన్సులోని రువాన్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే మొదటిసారి చేశారు. ఆపరేషన్‌కు తట్టుకోలేరని వదిలేసిన రోగుల మీద జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం 2010లో వెలువడింది. అందులో మామూలు చికిత్సతో ఏడాదిలోపు నూటికి 50.7 మంది చనిపోతే, టావీ చేయించుకున్నవాళ్లలో 30.7 మంది చనిపోయారు. అదే అధ్యయనంలో నెలలోపు పెద్ద పక్షవాతం టావీ వాళ్లలో నూటికి 5 మందికి వచ్చింది, రెండోవైపు ఒక్కరికి. మొదటి ముచ్చట రాసి రెండోది వదిలేస్తే జనం ఏం తెలుసుకుని సంతకం పెట్టాలి?

అసలు ‘కోత లేదు’ అన్న మాటే జనాన్ని ఏమరుపాటులో పడేస్తుంది. బెలూన్‌తో విప్పే రకం వాల్వుకు గజ్జలో పెట్టే గొట్టం చాలా సైజులకు 14 ఫ్రెంచి (గొట్టాల కొలత), లోపలి వెడల్పే ఐదు మిల్లీమీటర్లకు దగ్గర. వాల్వు దూరేటప్పుడు అది ఇంకా సాగుతుంది. ధమని కనీసం ఐదున్నర మిల్లీమీటర్లు లేకుంటే ఆ దారి వద్దు. షుగరు, బీడీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ధమని సున్నం పట్టి వంకర తిరిగి ఉంటుంది, చీలితే రక్తం పొత్తికడుపు వెనక్కి చేరుతుంది. బయటికి చుక్క కనబడదు. నడుం నొప్పి, చెమటలు, బీపీ పడిపోవడం, అంతే. అందుకే ముందు సీటీ తీసి ధమని, వాల్వు కూర్చునే వలయం, గుండె రక్తనాళాల మొదళ్ల ఎత్తు అన్నీ కొలుస్తారు. వాల్వు సైజు చిన్నదైతే పక్కనుంచి రక్తం వెనక్కి కారుతుంది, మరీ పెద్దదైతే సున్నం పట్టిన వలయం చిట్లవచ్చు. వలయం చిట్లితే ప్రాణానికే ముప్పు.

వీటన్నిటికన్నా మన జిల్లాకు ఎక్కువ పట్టాల్సింది హార్ట్ బ్లాక్. గుండెకు కరెంటు మోసే తీగ సరిగ్గా ఆ వాల్వు కిందే, పల్చటి పొర పక్కన పోతుంది. కొత్త వాల్వు చట్రం దాన్ని ఒత్తితే గుండె వేగం ముప్ఫై, నలభైకి పడిపోతుంది. 2019లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో, తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలో కూడా, నెలలోపు గుండె వేగం నిలబెట్టే పర్మనెంటు పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చినవాళ్లు బెలూన్ రకంతో నూటికి 6.5 మంది, తనంతట తాను విచ్చుకునే రకంతో 17.4 మంది. ముందే ఈసీజీలో కుడివైపు బండిల్ బ్లాక్ (ఆ కరెంటు తీగ కుడి కొమ్మలో అడ్డు) ఉంటే భయం మరీ ఎక్కువ. అందరికీ టేబుల్ మీదే బ్లాక్ రాదు. వాల్వు పెట్టాక ఎడమవైపు బండిల్ బ్లాక్ కొత్తగా వచ్చి, నాలుగైదు రోజులకో వారానికో పూర్తి బ్లాక్‌గా మారేవాళ్లు ఉన్నారు. మూడో రోజే ఇంటికి పంపితే అది జరిగేది ఎక్కడ? బెంగుళూరు ఐసీయూలో కాదు, ఉరవకొండ దగ్గర పల్లెలో, రెండు వందల కిలోమీటర్లకు పైగా అవతల.

కళ్లు తిరిగి పడిపోయిన ముసలాయన్ను ఆటోలో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తెస్తారు. ‘నీరసం, సెలైన్ ఎక్కించండి’ అంటారు. ఈసీజీ తీసే మనిషి భోజనానికి పోయుంటాడు, లేదా కాగితం రోల్ అయిపోయి ఉంటుంది. ఈ బ్లాక్‌కు అట్రోపిన్ సూదిని నమ్ముకోలేం. ఛాతీ మీద ప్యాడ్లు అతికించి బయటినుంచి పేసింగ్ (గుండె కొట్టుకునేలా కరెంటు) ఇవ్వాలి, తర్వాత మెడ సిరలోంచి టెంపరరీ వైరు వేయాలి. పేసింగ్ చేసే డీఫిబ్రిలేటర్ (గుండెకు షాకిచ్చే యంత్రం) ఉన్నచోట ప్యాడ్లు ఉండవు, ఇండెంటు పెట్టినా రావు. కొత్త భవనాలకు రిబ్బన్లు కత్తిరించే అధికారులు క్యాజువాలిటీలో ప్యాడ్లు ఉన్నాయో లేవో ఒక్కసారైనా తెరిచి చూశారా? పత్రికలు కూడా అంతే. కార్పొరేట్ ఆసుపత్రి పంపిన కాగితాన్ని పేరు మార్చి వార్తగా వేస్తున్నాయి. ఎంతమందికి చేశారు, నెలలోపు ఎంతమంది చనిపోయారు, ఎంతమందికి పక్షవాతం, ఎంతమందికి పేస్‌మేకర్ అని ఒక్క విలేకరైనా అడగడు. పొలం అమ్మి లక్షలు కట్టేవాళ్లకు ఈ నాలుగు ప్రశ్నలూ అడిగే హక్కుంది.

వయసు మాట కూడా వార్తలో లేదు. అమెరికా మార్గదర్శకాలు 65 ఏళ్లలోపు వాళ్లకు ఆపరేషనే మేలంటాయి, 80 దాటితే టావీ అంటాయి, మధ్యలో ఉన్నవాళ్లకు సర్జనూ కార్డియాలజిస్టూ కలిసి కూర్చుని రోగితో మాట్లాడి తేల్చమంటాయి. పుట్టుకతో మూడు రెక్కలకు బదులు రెండు రెక్కల వాల్వు ఉన్నవాళ్లను ఆ 2019 అధ్యయనాల్లో చేర్చుకోనేలేదు. అరవై ఏళ్ల మనిషికి జంతువు పొరతో చేసిన వాల్వు పెడితే, అది అరిగిపోయాక ఏం చేస్తారో ముందే చెప్పాలి.

ఇంటికొచ్చినవాళ్లకు ఒక మాట. ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు. పన్ను పీకించుకోవాలంటే వాల్వు సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, పెన్సిలిన్ పడనివాళ్లు కాకుంటే గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు వేసుకోమంటారు. జ్వరం విడవకుండా కాస్తుంటే ఊళ్లో యాంటీబయాటిక్ సూది వేయించుకోకముందే బ్లడ్ కల్చర్ తీయించాలి. సూది పడ్డాక వాల్వుకు ఏ క్రిమి పట్టిందో కల్చర్‌లో దొరక్కపోవచ్చు. డిశ్చార్జి కాగితంతో పాటు చివరి ఈసీజీ కాపీ, వాల్వు పేరూ సైజూ రాసిన కార్డూ ఇవ్వకుండా ఏ ఆసుపత్రీ రోగిని బస్సెక్కించకూడదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ప్రతి ఏరియా ఆసుపత్రికీ పేసింగ్ ప్యాడ్లు ఈ నెలలోనే పంపాలి.

— ఒక వైద్యుడు, అనంతపురం