ఆ ఫోటోలో నీ పెదాల రంగు

చంటీ,

నీ కబురు లేక ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పెరూ కొండల్లో సిగ్నల్ ఉండదని నాకూ తెలుసు, ఫోన్ చేయలేదని అనడానికి కాదు ఈ ఉత్తరం. వైఫై దొరికిన చోట తీరిగ్గా చదువుకుంటావని మెయిల్లో పెడుతున్నాను. నీకు అక్కడ పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నా, అంతే.

నిన్న పద్మత్త వచ్చింది. స్వాతి ఫోన్లో నీ ఫోటో చూపించింది. ఎరుపు, పసుపు చారల కొండ ముందు చేతులు చాచి నిలబడ్డావు, వినికుంకా అట. "ఎంత బాగున్నాడో" అంది అత్త. నేను వేళ్ళతో పెద్దది చేసి నీ పెదాలు చూశాను. ఊదారంగు తిరిగి ఉన్నాయి. చలికి కావచ్చు. కానీ తేదీ చూస్తే నువ్వు లిమాలో బస్సెక్కిన మూడో రోజు. అంటే సముద్రపు ఒడ్డు నుంచి బయల్దేరి, 3,400 మీటర్ల కుస్కోలో ఒక్క రాత్రి పడుకుని, తెల్లారి 5,000 మీటర్లు ఎక్కేశావు.

సరే, దాని సంగతి తర్వాత. ముందు నీ బ్యాగు. బరువైనవన్నీ, అంటే నీళ్ళు, తిండి, ఛార్జర్లు, వీపుకి ఆనుకుని భుజం రెక్కల మధ్యకి వచ్చేలా సర్దు. అడుగున పడుకునే సంచి, బయటి వైపు బట్టలు. నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగు. భుజాలు నొప్పెడుతున్నాయంటే పట్టీ పొట్ట మీదికి జారిందని అర్థం. బ్యాగు మీద వేసే వాన కవరు ఒక్కటీ సరిపోదు, వీపు వైపు నుంచి నీళ్ళు దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి పరిచి, అందులో సర్దుకో. నీకిష్టమని ఆ కాటన్ బనియన్లు పెట్టుకెళ్ళావు. చెమటకి తడిస్తే అవి ఆరవు, కనుమ మీద గాలి తగలగానే ఒళ్ళు చల్లబడిపోతుంది. ఒంటికి ఉన్నిదో పాలిస్టర్‌దో వేసుకో, కాటన్‌వి పడుకునేటప్పుడు చాలు.

ఆవకాయ సీసా మూత ఒక్కసారిగా తిప్పకు. కింద బిగించిన గాలి పైకెళ్ళాక ఉబ్బుతుంది, నూనె చిమ్మి బట్టలన్నీ పాడవుతాయి. కొద్దికొద్దిగా వదులు చెయ్యి. కుస్కోలో నీళ్ళు 88, 89 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకదు, గ్యాస్ తగలేసుకోకు. నేను కట్టిచ్చిన అటుకుల్లో వేడినీళ్ళు పోసి మూతపెడితే పది నిమిషాల్లో మెత్తబడతాయి. తాగే నీళ్ళు మాత్రం ఆ ఎత్తులో మూడు నిమిషాలు తెర్లనివ్వు. హోటల్లో "సిన్ కార్నే", మాంసం వద్దు, అని మాత్రమే చెబితే కోడిమాంసం వేసి తెస్తారు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మాంసం, కోడి, చేప మూడూ వద్దని చెప్పు, సూపు దేంతో కాచారో అడుగు. ఎలాగూ గుడ్డు తింటావు కాబట్టి, చీఫా అని బోర్డున్న చైనా హోటళ్ళలో అన్నం వేయించి పెడతారు, కడుపు నిండుతుంది.

ఆ పెదాల సంగతికొస్తాను. కోప్పడనులే. కుస్కోలో గాలి తక్కువని అందరూ అంటారు గానీ, గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. అందుకే ఒక్కో శ్వాసలో మనింట్లో అందేదాంట్లో మూడింట రెండు వంతులే అందుతుంది. 5,000 దగ్గర సగానికి కాస్త పైన. దానికి ఒళ్ళు చేసే మొదటి పని ఎక్కువ ఊపిరి తీయడం. దాంతో రక్తంలో క్షారం పెరుగుతుంది, దాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. అందుకు రోజులు పడుతుంది. నీకెంత బలమున్నా, ఎన్ని మారథాన్లు పరిగెత్తినా ఆ రోజులు తగ్గవు. డయామాక్స్ మాత్ర చేసేది ఆ పనినే తొందర చేయడం. 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, కూల్ డ్రింకు చప్పగా ఉంటుంది. కంగారు పడకు, అవి మందువల్లే. నాన్నకి సల్ఫా మాత్రలు పడవు కదా, ఇదీ ఆ జాతి మందే, నువ్వు ఎప్పుడూ వేసుకోలేదు. దద్దుర్లు వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికెళ్ళు.

శీను మావయ్య లేహ్ సంగతి నీకు సగమే తెలుసు. ఢిల్లీ నుంచి విమానంలో దిగాడు, 3,500 మీటర్లు. రెండ్రోజులు గదిలోనే ఉండమన్నాడు హోటల్ కుర్రాడు. మావయ్యకి ఏమీ అనిపించలేదు, మర్నాడే ఇంకా ఎంతో ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమకి వెళ్ళొచ్చాడు. సాయంత్రం తలనొప్పి. టీ ఎక్కువైందనుకుని నిద్రమాత్ర వేసుకున్నాడు. అదీ తప్పే, ఆ ఎత్తులో నిద్రమాత్ర ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది. రాత్రి రెండింటికి బాత్రూంకి లేచి, లుంగీ ముడి వేసుకోబోయాడు. వేళ్ళు పట్టు దొరక్క మూడుసార్లు జారిపోయింది. గోడ పట్టుకుని నిలబడి "నిద్రమత్తు" అన్నాడు. అత్తయ్య కూడా అదే అనుకుని పడుకోబోయింది. దేవుడిచ్చిన బుద్ధి, కింద కుర్రాణ్ణి పిలిచింది. వాడు ఏ మందూ తేలేదు. నేల మీద టైల్స్ మధ్య గీత చూపించి, ఒక పాదం మడమని రెండో పాదం వేళ్ళకి ఆనిస్తూ పది అడుగులు నడవమన్నాడు. నాలుగో అడుగుకే మావయ్య పక్కకి ఒరిగిపోయాడు. వెంటనే జీపు, ఆసుపత్రి, ఆక్సిజన్, మర్నాడు పొద్దున్నే విమానంలో కిందికి. మెదడులో నీరు చేరింది. పొద్దున చూద్దాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో అత్తయ్య ఇప్పటికీ అనదు.

అందుకని ఈ గీత పరీక్ష మీ జట్టులో అందరికీ నేర్పు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, అక్కడివాళ్ళు సొరోచే అంటారే, అది వస్తే పారాసెటమాల్ వేసుకుని అక్కడే ఆగు, పైకి పోకు. తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం, పడుకుంటే దగ్గు, వీటిలో ఏదొచ్చినా చీకటైనా సరే కిందికి దిగాల్సిందే, కనీసం మూడొందల మీటర్లు, తగ్గేదాకా. ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకి ఐదొందల మీటర్లకి మించి పెరగకూడదు. ఎత్తుకి అలవాటు పడ్డాక పగలు కాస్త పైకెక్కినా రాత్రికి దిగి పడుకుంటే చాలావరకు నయం. అసలు నువ్వు కుస్కోలో దిగగానే ఒయాంతాయ్‌తాంబోకి వెళ్ళిపోయి ఉంటే ఆ రాత్రి 2,800లో పడుకునేవాడివి.

చూశావా, మళ్ళీ పాఠం మొదలెట్టాను.

సాల్కాంటే కొండదారి నడక మొదలుపెట్టావో లేదో తెలీదు. మొదటి రాత్రి సొరాయ్‌పంపాలోనే పెడతారు, అది 3,900. మర్నాడు కనుమ సుమారు 4,600. కుస్కోలో మూడు రాత్రులైనా గడపకపోతే వెళ్ళకు, డబ్బు కట్టేశానని చూసుకోకు. ఆ తర్వాత నీ పథకంలో అడవి ముందు, తితికాకా సరస్సు తర్వాత అని ఉంది. దాన్ని తిప్పేయ్. అడవి వైపు ఊరు పుయెర్తో మాల్దొనాదో 200 మీటర్ల లోపే, అక్కడ వారం ఉన్నావంటే ఒంటికి వచ్చిన అలవాటు చాలావరకు పోతుంది. మళ్ళీ సరస్సు ఒడ్డున 3,800 మీటర్ల పునో ఎక్కితే మొదటికొస్తుంది. కుస్కో నుంచి పగటి బస్సులో పునో వెళ్ళు, దార్లో కనుమ 4,300 దాటినా గంటలో దిగిపోతారు. పునోలో రాత్రి సున్నా కిందికి పడుతుంది, ఉన్ని టోపీ పెట్టుకుని పడుకో. అడవి చివర్లో. అక్కడ ఉక్కపోత అని స్వెట్టర్ పంపించేయకు. ఈ నెలల్లో దక్షిణం నుంచి చల్లగాలి దూసుకొస్తుంది, ఫ్రియాహే అంటారు, రెండు మూడు రోజులు వణికిస్తుంది. ముందు ఎండ క్రీము, అది ఆరాక దోమల మందు.

నారాయణగూడలో ఐపీఎం టీకా కేంద్రంలో వేయించుకున్న పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కార్డు పాస్‌పోర్టులోనే ఉందా? తిరిగి వచ్చినప్పుడు అది లేకపోతే విమానాశ్రయం నుంచే ఆరు రోజుల వరకు విడిగా పెట్టేస్తారు. కోకా టీ అక్కడ తాగితే తాగు, పొట్లం మాత్రం తేకు. మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో ఆ ఆకు కూడా ఉంది. పద్మత్త "గుర్తుకి ఒక పొట్లం తెమ్మను" అంది, నేనే వద్దన్నా.

స్వాతి ఫోన్ చూస్తూ కూర్చోవడం నావల్ల కావట్లేదు. సిగ్నల్ రాగానే మూడు ముక్కలు పెట్టు: ఊరి పేరు, ఆ రాత్రి పడుకునే చోటు ఎత్తు, తలనొప్పి ఉందో లేదో. ఫోటో కూడా ఒకటి, దగ్గర్నుంచి, టోపీ తీసి, నీడలో నిలబడి తీసుకున్నది. పెదాలు కనబడాలి.

అమ్మ