తరగతి గడప దగ్గర ఉపాధ్యాయుల ఫోను కూడా ఆగాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

బడుల్లో సెల్‌ఫోన్ల నిషేధం పిల్లలకే పరిమితం కావాలా, పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ వర్తించాలా అనే చర్చ మా ప్రాంతంలో తల్లిదండ్రుల మధ్య, ఉపాధ్యాయుల మధ్య తరచుగా వస్తోంది. నేను ఆర్టీసీ ఉదయగిరి డిపోలో డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. కొడుకూ కోడలూ బెంగళూరులో పని చేసుకుంటున్నందువల్ల నాలుగో తరగతి చదివే మనవరాలిని, ఏడో తరగతి చదివే మనవడిని ఇక్కడ నేనూ నా భార్యా పెంచుతున్నాము. పిల్లల సంరక్షకుడిగా మనవరాలు చదివే బడి యాజమాన్య కమిటీలో సభ్యుడిగా కూడా ఉన్నాను. తరగతి గదిలో ఉపాధ్యాయుల చేతిలో ఫోను ఉండకూడదనేది నా స్థిరమైన అభిప్రాయం. అయితే ఆ నిబంధన నిలవాలంటే, ప్రభుత్వం తన పనులను ఉపాధ్యాయుల సొంత ఫోన్లలో నుంచి ముందుగా తీసివేయాలి.

గత దసరా సెలవుల్లో మా అరుగు మీద పిల్లలు బడి ఆట ఆడుకున్నారు. మనవరాలు టీచరు, వీధిలోని నలుగురు చిన్నపిల్లలు శిష్యులు. మా చిన్నతనంలో ఈ ఆటకు ఒక వేపబెత్తం ఉంటే చాలు, టీచరు తయారయ్యేవాడు. మనవరాలి చేతిలో బెత్తం లేదు, అందుకు నాకు సంతోషమే. దానికి బదులు ఎడమ అరచేతిలో పగిలిన పెంకు ముక్క ఒకటి పట్టుకుంది. "ఎనిమిదో ఎక్కం రాయండి" అని చెప్పి, ఆ పెంకు మీద బొటనవేలిని కిందనుంచి పైకి జరుపుతూ నిలబడింది. ఒక పిల్లవాడు రాయడం ముగించి పలక చూపిస్తే, తల ఎత్తకుండానే "ఇంకోసారి రాయి" అన్నది. అందులో వెక్కిరింత ఏమీ లేదు. రోజూ చూస్తున్నదాన్ని చూసినట్టుగా చేసింది, అంతే. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఒక ధ్రువపత్రం పని మీద బడికి వెళ్లి, తరగతి ముగిసేదాకా వరండాలో కూర్చున్నాను. లోపల ఉక్తలేఖనం జరుగుతోంది. ఉపాధ్యాయిని "క్షేత్రం" అని రెండుసార్లు స్పష్టంగా పలికిన తర్వాత ఆమె ఫోను మోగింది. పై కార్యాలయం వారు ఏదో లెక్కను వెంటనే పంపమని వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఆమె కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి, అంకెలు చూసి టైపు చేయడం మొదలుపెట్టారు. పిల్లలు కొంతసేపు పెన్సిళ్లు పట్టుకుని తర్వాతి మాట కోసం ఎదురుచూశారు. మా మనవరాలు "క్షే" ఏత్వాన్ని చెరిపి మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ కూర్చున్నది. వెనక బెంచీలో ఇద్దరు తోసుకోవడం మొదలైంది. ఆమె తిరిగి లేచి నిలబడేసరికి, ఏ మాట దగ్గర ఆగామో ఆమె పిల్లలను అడగవలసి వచ్చింది. నన్ను చూసి ఆమె నొచ్చుకున్నారు. "ఇప్పుడు పంపకపోతే మధ్యాహ్నానికి సంజాయిషీ అడుగుతారండీ" అన్నారు. ఆమె చేసిన పని ఆమె సొంత పని కాదు. కానీ బెంచీ మీద కూర్చున్న పిల్లకు ఆ తేడా తెలియదు. తెలిసినా, పోయిన పాఠం తిరిగి రాదు.

మన రాష్ట్రంలో ఉపాధ్యాయుడి ఫోను ఇలా బడి పరికరంగా ఎలా మారిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు ఫోన్లలోకి వెళ్లాయి. బడులు తెరుచుకున్నా ఫోను మాత్రం బయటికి పోలేదు. 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు, సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని, పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగానే అడిగాయి. పిల్లల హాజరు, భోజనం చేసినవారి సంఖ్య, కోడిగుడ్ల లెక్క, చిక్కీల లెక్క, కొన్నేళ్ల పాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆ ఫోన్ల నుంచే వెళ్లాయి. ఇటీవల అనేక యాప్‌లను కలిపి లీప్ పేరుతో ఒకటి చేశారు. యాప్‌ల సంఖ్య తగ్గడం మంచిదే, కానీ ఫోను ఇప్పటికీ ఉపాధ్యాయుడిదే, సమయం పిల్లలదే. కొండ అంచు పల్లెల్లో సిగ్నల్ కోసం అయ్యవారు ఉదయాన్నే బడి గేటు దగ్గర ఫోను పైకెత్తి నిలబడడం మేము చూస్తూనే ఉన్నాము.

ఇదే ప్రభుత్వ యంత్రాంగం 2023 ఆగస్టులో, విద్యార్థులు బడికి ఫోన్లు తేరాదని, ఉపాధ్యాయులు తరగతికి వెళ్లే ముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయునికి అప్పగించాలని ఆదేశించింది. అంతకు ముందు నెలలో యునెస్కో విడుదల చేసిన ప్రపంచ విద్యా నివేదికను ఆ సందర్భంలో ప్రస్తావించారు. ఒకసారి చెదిరిన విద్యార్థి దృష్టి మళ్లీ చదువు మీద నిలవడానికి 20 నిమిషాల వరకు పట్టవచ్చని ఆ నివేదికలో ఉంది. ప్రపంచ దేశాలలో నాలుగో వంతు కూడా బడుల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించలేదని కూడా అందులోనే ఉంది. నిషేధించిన దేశాలలో ఒకటైన ఫ్రాన్స్ 2018లో చేసిన చట్టంలో సైతం ఆంక్ష విద్యార్థుల మీదే. ఆ విధంగా చూస్తే ఉపాధ్యాయులను కూడా కలుపుకొన్న మన ఆదేశం వారికంటే ఒక అడుగు ముందే ఉన్నది. కానీ ఒక చేత్తో ఫోను అప్పగించమని, మరో చేత్తో అదే ఫోనులో లెక్కలు పంపమని చెబితే ఉపాధ్యాయుడు దేనిని పాటించాలి? సంజాయిషీ దేనికి వస్తుందో దానినే పాటిస్తాడు. ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి ఇంకా కష్టం. అక్కడ పాఠం చెప్పేదీ, ప్రధానోపాధ్యాయుడూ ఒకరే. ఆయన తన ఫోనును ఎవరికి అప్పగించాలి?

ఇక్కడ నా ఉద్యోగ అనుభవం చెప్పడం అవసరమనిపిస్తోంది. బండి నడుపుతూ చేతిలో ఫోను పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగు. జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. అయితే నన్ను ఆపింది జరిమానా భయం ఒక్కటే అని చెప్పలేను. జేబులో ఫోను మోగుతూ ఉంటే చూడకుండా ఉండడం మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. చూడకపోయినా మనసు దాని మీదే ఉంటుంది. అందుకే ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్లే సర్వీసులో ఎక్కేటప్పుడే ఫోను ఆపేసి కండక్టరుకు ఇచ్చేవాడిని. కండక్టరు లేని సర్వీసు అయితే సంచిలో పెట్టి సీటు వెనక ఉంచేవాడిని. ఇంట్లో అత్యవసరమైతే నా భార్య డిపోకు ఫోను చేసేది, డిపో వారు ముందున్న బస్టాండులోని కంట్రోలరుకు చెప్పేవారు, ఆయన బస్సు ఆగగానే నాకు చెప్పేవారు. మా అమ్మ చనిపోయిన కబురు నాకు అలాగే అందింది. ఒక్క గంట ఆలస్యమైంది. ఆ గంటలో నా వెనక కూర్చున్నవారంతా క్షేమంగా దిగారు.

ఈ ఏర్పాటు బడిలో సాధ్యమే. మనవడు రెండేళ్ల క్రితం ఆటస్థలంలో పడి మోకాలు చీరుకుపోయినప్పుడు నాకు కబురందించింది ఒక ఉపాధ్యాయుని ఫోనే, ఆ మేలు నేను మరిచిపోలేదు. కాబట్టి బడిలో ఫోనే ఉండకూడదని నేను అనడం లేదు. బడి పేరు మీద ఒక ఫోను, దాని నంబరు పిల్లలందరి ఇళ్లలోనూ తెలిసి ఉండడం, అది ఆఫీసు గదిలోనే ఉండడం చాలు. ఇంట్లో పసిబిడ్డను వదిలి వచ్చిన ఉపాధ్యాయిని, ఆస్పత్రిలో తండ్రి ఉన్న ఉపాధ్యాయుడు ఆ నంబరునే ఇంట్లో ఇచ్చి రావచ్చు, విరామ సమయంలో తమ ఫోను చూసుకోవచ్చు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లకు, వీడియో పాఠాలకు కూడా ఫోను కావాలి కదా అని కొందరు అంటున్నారు. దానికి బడి పేరు మీద ఒక ట్యాబు ఉంటే సరిపోతుంది. అందులో బంధువుల పెళ్లి ఫొటోలు రావు, అప్పు వాయిదా సందేశాలు రావు.

ఈ నిబంధన ఉపాధ్యాయులను అవమానించడమేనని కొందరు మిత్రులు బాధపడుతున్నారు. వారి బాధను నేను గౌరవిస్తాను. అందుకే అమలు చేసే అధికారం బయటివారి చేతికి పోకూడదని కూడా గట్టిగా చెబుతున్నాను. కొన్ని చోట్ల కుర్రాళ్లు కిటికీ పక్కన నిలబడి, ఫోను చూస్తున్న టీచర్లను వీడియో తీసి ఊరి గ్రూపుల్లో పెడుతున్నారు. అది దుర్మార్గం. అందులో టీచరుతో పాటు మన పిల్లల ముఖాలు కూడా ఊరంతా తిరుగుతాయి. ప్రధానోపాధ్యాయుడు, కమిటీ కూర్చుని చూసుకోవలసిన విషయమిది.

2009 నాటి విద్యా హక్కు చట్టం 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదని చెబుతున్నది. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 800 గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 1,000 గంటలు బోధన జరగాలని నిర్దేశించింది. తరగతి మధ్యలో కోడిగుడ్ల లెక్క పంపిన పది నిమిషాలను ఈ గంటల్లో ఎవరు ఎలా కలుపుతున్నారో నాకు అర్థం కావడం లేదు. లెక్కలు అవసరమే. అవి బడి ట్యాబు నుంచి, ఉదయం ప్రార్థనకు ముందో, సాయంత్రం చివరి గంట తర్వాతో వెళ్లాలి. ఆ మధ్య సమయంలో పై కార్యాలయాలు ఏ ఉపాధ్యాయుని ఫోనుకూ సందేశం పంపకూడదు.

కిందటి కమిటీ సమావేశంలో, ఆఫీసు గదిలో గంట పక్కన ఒక చెక్క అర చేయిస్తామని, తరగతికి వెళ్లేటప్పుడు ఫోన్లు అందులో ఉంచాలని మేము ఐదుగురు సభ్యులం కోరాము. ఉపాధ్యాయులెవరూ కాదనలేదు. ప్రధానోపాధ్యాయుడు మాత్రం ఒక్కటే అడిగారు: "తరగతి వేళ వచ్చిన సందేశానికి జవాబు ఇవ్వనందుకు మా మీద చర్య ఉండదని ఎవరైనా రాసి ఇస్తారా?" మా దగ్గర జవాబు లేదు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ ఒక్క మాటను ఉత్తర్వుగా ఇవ్వవలసిందిగా జిల్లా విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చెక్క అరకు అయ్యే ఖర్చు మేము పెట్టుకుంటాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
ఉదయగిరి ప్రాంతం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.