పదో తరగతి శాతంతోనే డీఈవోను తూస్తారా?

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాల్లో జిల్లా స్థానం మెరుగుపడిందని మా జిల్లా విద్యాధికారికి (డీఈవో) శాలువా కప్పిన ఫొటో పోయిన వారం మీ పత్రికలో చూశాను. ఆయన మీద నాకే కోపమూ లేదు. ఒక్క ఉత్తీర్ణత శాతం చూసి అధికారి పనిని తేల్చేయడమే మింగుడుపడటం లేదు.

ఆ శాతం ఎలా వస్తుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. సంక్రాంతి దాటితే పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు, రోజూ స్లిప్ టెస్టులు. మా ఊరి బడిలో లెక్కల మాస్టారిని పూర్తిగా పదో తరగతికే కేటాయించారు. పరీక్షలయ్యేదాకా ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే దిక్కు లేదు. తొమ్మిదిలో వెనకబడిన ఒక అబ్బాయి తండ్రిని పిలిపించి టీసీ తీసుకుపొమ్మన్నారు. ఆ పిల్లాడు ఇప్పుడు మెకానిక్ షెడ్డులో బోల్టులు విప్పుతున్నాడు. శాతం లెక్కలో అతను ఎక్కడా కనిపించడు. ఫలితం తగ్గితే మాత్రం ప్రధానోపాధ్యాయుడికి వెంటనే తాఖీదు వస్తుంది.

కేంద్ర విద్యాశాఖ జిల్లాలకు ఇచ్చే పనితీరు సూచీలో 83 అంశాలున్నాయి, మొత్తం 600 మార్కులు. పిల్లల చదువు, తరగతి బోధన, వసతులు, భద్రత, పాలన అన్నీ అందులోకి వస్తాయి. అందులో మన జిల్లాకు ఎన్ని వచ్చాయో ఏ సమీక్షలోనైనా చదివి వినిపించారా?

అమెరికాలో చాలాచోట్ల స్థానిక స్కూల్ బోర్డే మన డీఈవోలాంటి సూపరింటెండెంటును నియమించి, అతని పనితీరును మదింపు చేస్తుంది. మన దగ్గర బడి పేరు రాసిన పలక మీద జిల్లా పరిషత్ పేరుంటుంది. ఆ పరిషత్‌కు విద్య, వైద్యం చూసే స్థాయీ సంఘం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. అయినా డీఈవో పని ఎలా ఉందని వీరిని అడిగే నాథుడు లేడు. పై అధికారులు రహస్య నివేదిక రాసుకుంటారు, అంతటితో సరి. అసలు ఎన్నో చోట్ల డీఈవో, మండల విద్యాధికారి (ఎంఈవో) కుర్చీలను ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జీలతోనే నెట్టుకొచ్చారు. మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించే పని కూడా ఆ మధ్య పంతుళ్ల నెత్తినే పెట్టారు. బడులను ఎవరు తనిఖీ చేయాలి, పాఠం ఎవరు చెప్పాలి?

స్థాయీ సంఘం ఏటా యాజమాన్య కమిటీల అభిప్రాయం తీసుకుని, డీఈవో పనితీరును బహిరంగ సమావేశంలో చర్చించాలి. మీ పత్రికకూ ఒక మనవి. వచ్చే ఏడాది జిల్లాల స్థానాలు వేసేటప్పుడు, తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారో, పదో తరగతి పరీక్ష ఎంతమంది రాశారో పక్కపక్కన అచ్చు వేయండి.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు