అమ్మా, వాకర్ తీసుకురావద్దు

మిస్సిసాగా, కెనడా

ప్రియమైన అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. తెనాలిలో నువ్వూ, నాన్నగారూ, తమ్ముడూ, మరదలూ, బాబూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఇద్దరికీ వీసాలు వచ్చాయని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో అదే మాట. ఫోనులో హడావుడిగా చెబితే నీ మనసు నొచ్చుకుంటుందేమోనని, ఒక్క విషయం మాత్రం తీరిగ్గా ఉత్తరంలో రాస్తున్నాను. బాబుకు కొన్నలాంటి వాకర్‌నే మన పాపకూ కొని, విడదీసి పెట్టెలో సర్ది తెస్తానన్నావు. దయచేసి దాన్ని తేవద్దు. బాబుకు కొన్నదాన్ని కూడా ఇక వాడకుండా ఆపించమని నా మనవి.

ముందుగా చట్టం సంగతి. కెనడాలో వాకర్ దొరకదని నేనన్నప్పుడు, ఇక్కడి కొట్లవాళ్లు అమ్మడం మానేశారని నువ్వు అనుకున్నట్టున్నావు. అది నిషేధించిన వస్తువమ్మా. 2004 ఏప్రిల్‌లో ప్రపంచంలో అందరికంటే ముందుగా ఈ దేశమే చక్రాల వాకర్ల అమ్మకాన్నీ, దిగుమతినీ, ప్రకటనలనూ నిషేధించింది. కొత్తవే కాదు, ఇంటి ముందు పాత సామాను పెట్టి అమ్ముకునేవారు కూడా వాటిని అమ్మరాదు. బయటి దేశం నుంచి ప్రయాణికులు పెట్టెలో తెచ్చినా అది దిగుమతి కిందికే వస్తుంది. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చి, విమానాశ్రయంలో అధికారుల ముందు నువ్వూ నాన్నగారూ దీని గురించి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఏముంది?

అయితే చట్టం ఉంది కాబట్టి వద్దంటున్నానని అనుకోవద్దు. చట్టమొక్కటే కారణమైతే తెనాలిలో ఉన్న బాబు విషయం నేను ఎత్తేదాన్నే కాదు. ఆ నిషేధం ఎందుకు వచ్చిందో చదివాక నాకు బాబు గురించే ఎక్కువ బెంగ పట్టుకుంది.

అమెరికాలో దీని మీద పెద్ద లెక్క ఒకటి తీశారు. 1990 నుంచి 2014 వరకు, పదిహేను నెలలు నిండని పిల్లలు వాకర్ల వల్ల దెబ్బలు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవి 2,30,000కు పైగా ఉంటాయని అంచనా కట్టారు. వాటిలో నూటికి తొంభై తలకో మెడకో తగిలిన దెబ్బలే. దాదాపు నాలుగింట మూడు వంతులు మెట్ల మీద నుంచి పడినందువల్ల వచ్చినవే. ఆ దేశంలో 1997లో వాకర్లకు కొన్ని ప్రమాణాలు పెట్టారు. వాకర్ తలుపులో పట్టనంత వెడల్పుగా ఉండాలి, లేదా మెట్టు అంచుకు రాగానే అడుగున ఏదైనా పట్టుకుని ఆగిపోవాలి. ఆ తరువాత దెబ్బలు బాగా తగ్గాయి. 1990లో 20,000 దాటినవి 2003 నాటికి 3,200కు వచ్చాయి. తగ్గాయే కాని పోలేదు. అందుకే అక్కడి పిల్లల వైద్యుల సంఘం ప్రమాణాలతో సరిపెట్టుకోక, అసలు వీటి తయారీనీ అమ్మకాన్నీ ఆపమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. వీడియోలో నువ్వు తిరగేసి చూపించిన వాకర్ అడుగున, మెట్టు దగ్గర ఆపే పట్టీ లాంటిదేదీ నాకు కనిపించలేదు. చక్రాలు మాత్రం చాలా నున్నగా తిరుగుతున్నాయి.

"మేమందరం ఇంట్లోనే ఉంటాం కదా, చూస్తూనే ఉంటాం కదా" అని నువ్వు అంటావని నాకు తెలుసు. ఈ దెబ్బలు తగిలిన పిల్లల్లో ఎక్కువమంది పక్కన పెద్దవాళ్లు ఉండగానే పడ్డారు. పిల్లవాడు కాళ్లతో ఒక్క తోపు తోస్తే వాకర్ సెకనులో మూడు అడుగులకు పైగా పోతుంది. కుర్చీలో ఉన్న మనిషి లేచి నిలబడేలోగా అది వసారా దాటేస్తుంది. నాన్నగారి మోకాళ్ల నొప్పి సంగతి నీకు వేరే చెప్పాలా? మొన్న మనం మాట్లాడుతుండగా బాబు హాల్లో నుంచి జోరుగా వచ్చాడు. ముందు చక్రాలు గడపకు తగిలి ఆగిపోయాయి, వెనుక చక్రాలు నేల మీద నుంచి కాస్త లేచాయి. మరదలు అటే ఉంది కాబట్టి పట్టుకుంది. వాడు ముందుకు వాలి కిలకిలా నవ్వాడు, మీరూ నవ్వారు. నేను మాత్రం ఆ గడప అవతలి వసారానూ, వసారా చివర పిట్టగోడ లేని నాలుగు మెట్లనూ చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లోనూ నేలమాళిగకు దిగే మెట్లు వంటగది పక్కనే ఉన్నాయి. వాటికి అడ్డంగా గోడకు బిగించే చిన్న గేటు పెట్టాం.

మెట్లు ఒక్కటే కాదు. వాకర్‌లో ఉన్న బిడ్డ ఎత్తు పెరుగుతాడు, చేయి దూరం సాగుతుంది. నేల మీద పాకేటప్పుడు అందని టీపాయ్ అంచూ, దాని మీది వేడి కాఫీ గ్లాసూ, ఇస్త్రీ పెట్టె తీగా అన్నీ అందుతాయి. పైగా మన ఇంట్లో నువ్వు కత్తిపీట ముందేసుకుని నేల మీద కూర్చుని కూరలు తరుగుతావు, కుక్కర్ దించి గచ్చు మీదే పెడతావు. పాకే పిల్లవాడు అక్కడికి చేరేలోగా నువ్వు చూసి ఎత్తుకోగలవు. వాకర్‌లో వచ్చేవాడికి ఆ వ్యవధి ఉండదు. నీళ్ల బకెట్ల సంగతి రాయడానికే నాకు చేతులు రావడం లేదు.

ఇక నడక సంగతి. పక్కింటి పిల్ల వాకర్‌లో తిరిగి పదో నెలకే నడిచిందని అన్నావు. ఆ పిల్ల వాకర్ లేకపోయినా పదో నెలకే నడిచేదేమో! ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీ పిల్లలను కూడా కలుపుకుని ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన దాని ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిది నెలలు నిండినప్పటి నుంచి సుమారు పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. అందులో ముందు నడిచినవాడు గొప్పవాడూ కాదు, వెనుక నడిచినవాడు మందకొడీ కాదు. ఐర్లండులో 190 మంది పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 2002లో వచ్చింది. వాకర్‌లో గడిపిన కాలం మొత్తం కలిపి ఒక్కో ఇరవై నాలుగు గంటలు పెరిగేకొద్దీ, ఒంటరిగా నడవడం మూడు రోజులకు పైగా వెనకబడుతున్నట్టు అందులో తేలింది. అదేమంత భయపడవలసిన ఆలస్యం కాదని నేనూ ఒప్పుకుంటాను. ఏ బిడ్డయినా చివరకు నడుస్తాడు. కాని నడక త్వరగా వస్తుందని కొన్న వస్తువు దాన్ని ముందుకు జరపనే జరపనప్పుడు, ఈ ప్రమాదాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడం దేనికి?

అది ఎందుకు నేర్పదో బాబు కాళ్లు చూస్తేనే తెలుస్తుంది. ఈసారి వాడు వాకర్‌లో ఉన్నప్పుడు వంగి చూడు. మడమలు నేలకు ఆనవు, వేళ్ల కొసలతో వెనక్కి తంతూ పోతాడు. ఒంటి బరువంతా కింద గుడ్డ మోస్తుంది. చుట్టూ ఉన్న పళ్లెం అడ్డుగా ఉండి తన పాదాలు తనకే కనిపించవు. నడకకు కావలసినవేమో తూలినప్పుడు నిలదొక్కుకోవడం, ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చుకోవడం, పడి మళ్లీ లేవడం. అవన్నీ నేల మీద తంటాలు పడితేనే వస్తాయి. కోరిన చోటికి శ్రమ లేకుండా చేరిపోతున్నవాడికి పాకాలన్న ఆరాటం మాత్రం ఎందుకుంటుంది? మన పెద్దలు బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచేవారంటే, ప్రతి దశకూ ఒక విలువ ఉందని వాళ్లకు తెలిసే ఉంటుంది. బోర్లా పడిన మర్నాడే అడుగులు వేయించాలని ఎవరూ తొందరపడలేదు.

తమ్ముడు కూడా చిన్నప్పుడు వాకర్‌లోనే తిరిగాడు, ఏమైందని నువ్వు అడగవచ్చు. ఏమీ కాలేదు, నిజమే. వాకర్ వాడిన పిల్లల్లో ఏమీ కానివారే ఎక్కువ. అయినవారి ఇళ్లలోనూ ఆ ముందు రోజు వరకు ఏమీ కాలేదు.

నిజం చెప్పాలంటే, నడక నేర్పడం కోసం వాకర్ కొనేవాళ్లు తక్కువ. వంట అయ్యేదాకా, బట్టలు ఆరవేసేదాకా బిడ్డ ఒకచోట సరదాగా ఉంటే మన చేతులు ఖాళీ అవుతాయని కొంటాం. ఆ అవసరం నాకూ ఉంది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అందుకు చక్రాలు లేనిది ఏదైనా మేలు. చుట్టూ వల ఉండే ప్లే పెన్ మీకు గుంటూరులోనో విజయవాడలోనో దొరుకుతుంది. అది లేకపోయినా హాల్లో దివాను మూలన పాత బొంత పరచి, రెండు వైపులా పరుపులు అడ్డం పెట్టి, నాలుగు స్టీలు గిన్నెలూ ఒక గరిటే ఇస్తే అరగంట గడిచిపోతుంది. చెవులు చిల్లులు పడితే దానికి నన్ను తిట్టుకో. కాళ్లకు మేజోళ్లు వేయకండి, ఉత్త పాదాలతోనే నేల పట్టు దొరుకుతుంది. దివాను అంచు పట్టుకుని లేవనివ్వండి, దాని వెంటే పక్కకు అడుగులు వేయనివ్వండి. అలా పట్టుకుని నిలబడడం బాగా వచ్చాక, అటకమీద ఉన్న మూడు చక్రాల చెక్కబండిని దించి ఇవ్వవచ్చు. దాని వెనుక బిడ్డ తన కాళ్ల మీద తనే నిలబడి తోసుకుంటాడు, మడమలు నేలకు ఆనుతాయి. అది జారి ముందుకు పోకుండా కాస్త బరువు కట్టండి. మెట్లవైపు మాత్రం పోనివ్వకండి, పెద్దవాళ్లు పక్కనే ఉండండి. దానికీ చక్రాలున్నాయి కదా.

కొన్న వాకర్‌ను పనిమనిషికో, ఎదురింటివాళ్లకో ఇచ్చేయాలని నీకు అనిపిస్తుంది. వస్తువు పారేయడం నీకు చేతకాదు. వద్దమ్మా, మన బిడ్డకు పనికిరానిది మరొకరి బిడ్డకు మాత్రం ఎలా పనికొస్తుంది? ఇక్కడి ప్రభుత్వం కూడా పాత వాకర్లు ఉన్నవారికి, ఎవరూ మళ్లీ వాడకుండా విరిచి పారేయమనే చెబుతుంది. తమ్ముడి చేత చక్రాలు ఊడబీకించి పాత సామానువాడికి వేయించు. ముందున్న పాటల పళ్లెం ఊడివస్తే ఉంచు, బాబు నేల మీద కూర్చుని ఆ బొత్తాలు నొక్కుకుంటాడు. మరదలితో ఈ మాట నువ్వే మెల్లగా చెప్పు. ఆడపడుచు కెనడా నుంచి ఆజ్ఞలు పంపుతోందని తను అనుకోకూడదు. తను అడిగితే ఈ ఉత్తరమే చదవమని ఇవ్వు.

వసారా మెట్ల దగ్గర గేటు పెట్టించడానికి ఆ రెండు స్తంభాల మధ్య వెడల్పు ఎంతో నాన్నగారిని టేపుతో కొలిచి పంపమను. వడ్రంగికి కమ్మీలు నిలువుగానే పెట్టమని చెప్పండి, అడ్డంగా పెడితే బాబు వాటినే మెట్లుగా చేసుకుని ఎక్కుతాడు. నీ పెట్టెలో వాకర్ మానేయడం వల్ల మిగిలిన చోటులో నా కోసం గోంగూర పచ్చడి, పాపకు రెండు నూలు బొంతలు సర్దు.

నాన్నగారికి నా నమస్కారాలు. తమ్ముడికీ మరదలికీ ఆశీస్సులు, బాబుకు ముద్దులు.

ఇట్లు,
నీ కూతురు