మోడల్ టీ స్పీడ్‌స్టర్: ముందు ఏ ఏటి బండో తేల్చుకో

అమ్మడూ,

పాత ఫోర్డు మోడల్ టీ కారుతో నువ్వు కడుతున్న స్పీడ్‌స్టర్ (బాడీ ఊడదీసి తేలిక చేసిన వేగం బండి) ఫొటోలు చూశాను. చాసిస్‌కి తుప్పు పైపైనే ఉంది, పనికొస్తుంది. రేకు కొయ్యకముందే ఇది ఏ సంవత్సరపు బండి అని చెప్పుకుంటావో తేల్చుకో. 1915నా, 1926నా?

అమెరికా కుర్రాళ్లు ఆ రోజుల్లో పాత ఫోర్డు బాడీ ఊడబెరికి, తుక్కులో దొరికిందల్లా తగిలించి వీటిని కట్టేవాళ్లు. కాబట్టి 1926 బండికి 1915 ఇత్తడి రేడియేటర్ ఉన్నా చెల్లుతుంది. తిరగేస్తే చెల్లదు. 1915 అని చెప్పి, 1926 మోడల్‌కి ఫోర్డు ఇచ్చిన 21 అంగుళాల తీగ చక్రాలు వేశావో, పాత కార్ల పోటీలో జడ్జీలు దూరం నుంచే పట్టేస్తారు. ఫ్రాంటెనాక్ హెడ్ (ఇంజిన్ బలం పెంచడానికి పైన బిగించే భాగం) కూడా 1920ల సరుకే. అన్నిటికన్నా కొత్త సామాను ఏ ఏటిదో, బండిదీ అదే ఏడు.

జడ్జీ వంగి చూసేది స్క్రూలనే. స్టార్ స్క్రూ 1930లలో వచ్చింది, ఒక్కటి కనిపించినా పోయినట్టే. గీత స్క్రూలే వాడు. నైలాన్ నట్ల బదులు స్ప్లిట్ పిన్నులు, ప్లాస్టిక్ వైరు బదులు నూలు అల్లిన వైరు. రేకు మీద సుత్తి దెబ్బలు కనిపిస్తే కనిపించనీ, మరీ నున్నగా ఉంటేనే నాకు అనుమానం.

పెట్రోలుకి పంపు లేదు, ఎత్తు నుంచి దానంతటదే దిగాలి. ట్యాంకు సీటు వెనక్కి జరిపితే ఎత్తు ఎక్కేటప్పుడు అది కార్బురేటర్ కన్నా కిందికి పోయి ఇంజిన్ ఆగిపోతుంది. బ్రాకెట్లు ఖాయం చెయ్యకముందే, ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో కొంచెమే పోసి, ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి లేపు. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి డబ్బాలోకి ధార చూడు. సన్నబడితే ట్యాంకు ఇంకా పైకి ఎత్తాలి.

చాసిస్ దించితే ముందు యాక్సిల్ వాలు మారుతుంది. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగేందుకు ఆధారమైన కడ్డీ) పైకొస సుమారు 5 డిగ్రీలు వెనక్కి వాలాలి. తగ్గితే చక్రాలు ఊగిసలాడతాయి, పెరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది.

ఒక్కచోట మాత్రం పాతదనం పట్టుకుని కూర్చోకు. వెనక యాక్సిల్ లోపలి బాబిట్ (మెత్తటి మిశ్రమ లోహం) వాషర్లు తీసేసి కంచువి వెయ్యి. బాబిట్ పొడైపోతే క్రౌన్ చక్రం (యాక్సిల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం) పక్కకు జరిగి పళ్లు విడిపోతాయి. కాలి బ్రేకు ఉండేది గేర్‌బాక్స్‌లో కనుక అది ఇక చక్రాలకు అందదు, చేతి బ్రేకొక్కటే దిక్కు. లోపలి వాషరు ఏ జడ్జీకీ కనపడదులే.

ట్యాంకు ఎక్కడ పెడుతున్నావో కొలతతో ఫొటో పంపు.

నాన్న