వాగుకి ఎంత ఎత్తులో ఉందో అడుగు

కొలంబస్,
జూన్ 3

బంగారూ,

తూర్పు కెంటకీ కొండల్లో ఉన్న హేజర్డ్‌లో రెండు గదుల ఇల్లు దొరకలేదనీ, హాస్పిటల్ వాళ్లు చూపించిన చిన్న వాటాలో ముందు దిగి, సామానంతా నెల అద్దెకి తాళం గదులిచ్చే సెల్ఫ్ స్టోరేజ్‌లో పడేస్తాననీ రాశావు. ఆలోచన మంచిదే. అక్కడ అద్దె ఇళ్లు ముందునించీ తక్కువ, 2022 జులై వరదలో పోయినవి పోగా మరీ తక్కువయ్యాయి. తొందరపడి కనిపించిన ఇల్లు పట్టేకంటే మూడు నెలలు అటూ ఇటూ తిరిగి చూడు. నాకు నచ్చనిదల్లా ఆ "పడేస్తాను" అన్న మాట. క్లీవ్‌లాండ్‌లో అయితే ఎక్కడ పడేసినా చెల్లేది. ఈ కొండల్లో చెల్లదు. ఎందుకో చెప్తాను.

స్టోరేజ్ షెడ్డు అంటే పొడుగాటి రేకుల గదుల వరస, ఒక్కో గదినీ యూనిట్ అంటారు. దానికీ, దాని ముందు లారీ తిరగడానికీ చదును నేల కావాలి. తూర్పు కెంటకీలో చదును నేల దొరికేది రెండే చోట్ల. ఒకటి వాగు ఒడ్డున, రెండోది బొగ్గు కోసం కొండ నెత్తి కొట్టేసి సాపు చేసిన చోట. షెడ్లు చాలామటుకు మొదటి రకం నేలలోనే లేచాయి. నీరు పల్లమెరుగు కదా. విజయవాడలో మన బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నీళ్లు రోజుల తరబడి నిలబడ్డాయి. అక్కడ అలా కాదు. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, దాన్ని వాళ్లు హాలర్ అంటారు. వాన కొండ మీద పడిన గంటల్లోనే వాగు లేచి వస్తుంది, వచ్చినంత వేగంగా పోతుంది, వెనకాల బురద మిగులుస్తుంది. 2022లో జులై 27 రాత్రి పడుకున్నవాళ్లు లేచేసరికి ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. 40 మందికి పైగా పోయారు. పక్క కౌంటీలో ఉన్న వైట్స్‌బర్గ్‌లో ఆపల్‌షాప్ అని, 1969 నించి ఆ కొండల జీవితాన్ని సినిమా తీసి దాచుకుంటున్న సంస్థ ఉంది. వాళ్ల ఫిలిం రీళ్లూ టేపులూ నానిపోయాయి. నువ్వు వెళ్లేదీ జులైలోనే.

అందుకని యూనిట్ చూడబోయినప్పుడు అద్దె సంగతి ఆఖర్న అడుగు. ముందు ఆ అడ్రసు ఫెమా, అంటే అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ, పెట్టిన వరద మ్యాపులో కొట్టి చూడు. ఇంగ్లీషు A అక్షరంతో మొదలయ్యే జోన్ వస్తే, ముఖ్యంగా AE అని ఉంటే, అది వరద ముప్పున్న చోటు, ఇంక అటు వెళ్లకు. ముప్పు తక్కువని చెప్పే X అని వచ్చినా నమ్మేయకు, చిన్న చిన్న పాయల ఉధృతి ఆ మ్యాపుల్లో సరిగ్గా ఎక్కదు. ఆఫీసులో మనిషిని "ఇక్కడ వరదలొస్తాయా" అని అడిగితే రావనే అంటారు. "2022లో నీళ్లు ఏ వరస దాకా వచ్చాయి" అని అడుగు. ఆ రాత్రి ఆ చుట్టుపక్కల అందరికీ గుర్తే, చెయ్యెత్తి చూపిస్తారు. చూపించకపోయినా నీకే కనపడుతుంది. కింది వరసలో షట్టర్లు మాత్రమే కొత్తవా? ఇనప కమ్మీలకి ఒకే ఎత్తున తుప్పు గీత ఉందా? కంచె అడుగున పుల్లలూ ప్లాస్టిక్కూ ఇరుక్కుని ఎండిపోయి ఉన్నాయా? కొండ మీది సాపు నేలలో షెడ్డు దొరికితే ఓ పది డాలర్లు ఎక్కువైనా అదే తీసుకో. పోసిన మట్టి కనక కుంగుతుంది. నేల సిమెంటు పగిలిందా, షట్టర్ ఒక పక్కకి ఒరిగి పట్టేస్తోందా అని మాత్రం చూసుకో.

యూనిట్ లోపలికి వెళ్లి పగటిపూట షట్టర్ కిందికి లాగేసి ఒక్క నిమిషం చీకట్లో నిలబడు. ఆ ఆఫీసు మనిషి ఏమనుకున్నా సరే. వెలుగు ఎక్కడ సన్నగా దూరుతోందో అక్కడే నీళ్లూ ఎలుకలూ దూరతాయి. చిటికెనవేలు పట్టే సందు చాలు చిట్టెలుకకి. షట్టర్ అంచున ఉండే రబ్బరు పట్టీ బిరుసెక్కి ముక్కలుగా ఊడుతుంటే వేరే యూనిట్ చూపించమను. తలెత్తి రేకు స్క్రూలు చూడు, వాటి చుట్టూ తుప్పు మరక దిగిందంటే కారుతోందన్నమాటే. నేల మీద ఉప్పు పూసినట్టు తెల్లటి గీతలుంటే కిందినించి చెమ్మ ఊరుతోంది.

చెమ్మే అసలు శత్రువు. వరద రావచ్చు, రాకపోవచ్చు, చెమ్మ మాత్రం రోజూ వస్తుంది. వేసవిలో ఆ లోయల్లో పొద్దున్నే పొగమంచు దిగి ఉంటుంది. రాత్రి రేకు చల్లబడుతుంది, లోపలి తడిగాలి దాని అడుగున నీటిబొట్లై కిందికి రాలుతుంది. పైకప్పు కింద ఇన్సులేషన్ పరిచి ఉంటే ఈ బాధ చాలామటుకు ఉండదు, అది అడుగు. క్లైమేట్ కంట్రోల్ అని బోర్డు పెట్టేవాళ్లు వేడినీ చలినీ ఒక హద్దులో ఉంచుతారు గాని తేమ సంగతి అందరూ పట్టించుకోరు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని లోపల పెట్టు. 55 శాతం లోపు ఉంటే నిశ్చింత. 60 దాటి అక్కడే ఉండిపోతే బూజు మొదలైనట్టే. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన బీరువాలో పెడితే పనికొస్తాయి. ఊరి గాలంతా ఆడే రేకుల గదిలో పెడితే ఆ డబ్బా ఊరి తేమంతా పీల్చుతూ కూర్చుంటుంది. పైగా అందులో చేరిన ఉప్పునీళ్లు ఒలికితే ఇనుము తినేస్తాయి.

సైజు సంగతి. పది బై పది యూనిట్, ఎనిమిది అడుగుల ఎత్తు, అంటే 800 ఘనపుటడుగులు. 15 అడుగుల అద్దె లారీలో పట్టేది సుమారు 760. కనక నీ లారీ నిండితే ఆ గదీ నిండుతుంది, నువ్వు నిలబడే చోటు మిగలదు. పది బై పదిహేను తీసుకుందామనిపిస్తుంది. దాని బదులు సామాను తగ్గించు. ఆ సోఫాకి నువ్వు పెట్టింది 600. అది ఆక్రమించే చోటు వల్ల నెలకి 90 ఎక్కువ కడుతున్నావనుకో, ఏడు నెలలకి మరో సోఫా డబ్బు అయిపోయింది. సోఫా, టీవీ బల్ల, ఆ ఊగే పుస్తకాల అర అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యి. మంచం పరుపు, డైనింగ్ బల్ల, పుస్తకాలు, వంటసామాను తెచ్చుకో.

26 అడుగుల లారీ వద్దు. నిండుగా ఉంటే అది 26,000 పౌండ్ల దాకా తూగుతుంది. నువ్వు దిగే వాటా ఉన్నది హాలర్‌లో, అక్కడికి వెళ్లాలంటే ఒంటి బండి వంతెన దాటాలి. వంతెన దగ్గర ఎన్ని టన్నులని బోర్డు ఉందో ముందే చూసి రా. బోర్డే లేని సొంత వంతెన అయితే ఇంటివాళ్లని అడగందే ఎక్కించకు. మూవర్స్‌ని పెట్టుకుంటే వాళ్ల పెద్ద ట్రక్కు అక్కడిదాకా రాలేదని చిన్న బండిలోకి మార్చి, దానికి షటిల్ చార్జీ అని వేరే బిల్లు వేస్తారు. రేటు మాట్లాడేటప్పుడే ఆ ముక్క కాగితం మీద రాయించుకో. లెక్సింగ్టన్ నించి మౌంటెన్ పార్క్‌వే మీద బాగానే వస్తుంది. తర్వాత 15వ నంబరు రోడ్డులో దిగుడు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకు, గేరు తగ్గించు. బొగ్గు లారీ వెనకపడితే పక్కకి తీసి దారి ఇచ్చెయ్యి. మ్యాపు ముందే ఫోన్లోకి దింపుకో, మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు. ఇదే కారణంగా, ఫోన్ యాప్‌తోనే గేటు తెరుచుకునే స్టోరేజ్ కన్నా నంబర్లు నొక్కే గేటు నయం.

సర్దడం. నేల మీద ఏదీ నేరుగా పెట్టకు. చెక్క ప్యాలెట్లు పరుచు, 48 బై 40 అంగుళాలవి ఆరు చాలు. కిరాణా దుకాణాల వెనక ఊరికే ఇస్తారు, తడివీ నూనెవీ తేకు. పక్క గోడలకి మూడంగుళాలు ఎడం, మధ్యలో అడుగున్నర దారి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, 40 పౌండ్లు మించకుండా. పరుపుకి ప్లాస్టిక్ తొడుగు వేసి టేపు కొట్టేస్తే లోపలి చెమ్మ లోపలే ఉండి మచ్చలు పడుతుంది, గాలాడే గుడ్డ తొడుగు కొను. పైన పాత నూలు దుప్పట్లు కప్పు. నువ్వు వేసవిలో దిగుతున్నావు గాని అక్టోబరులో కోట్లూ మంచు బూట్లూ వెతుక్కుంటావు, అవి షట్టర్ పక్కనే ఉండాలి.

ఫ్రిజ్ ఆపి ఒకరోజంతా తలుపులు తెరిచి ఆరబెట్టు. లోపల పెట్టాక తలుపు సందులో మడిచిన గుడ్డ దోపు, మూసి ఉంచితే వాసన జన్మలో వదలదు. వాషింగ్ మెషిన్ గొట్టాల్లో, పంపులో నీళ్లు పూర్తిగా వంచెయ్యి. జనవరిలో అవి గడ్డకడితే పంపు పగులుతుంది. కుక్కర్ గాస్కెట్ తీసి విడిగా పెట్టు. ఇనప పెనానికి నూనె రాసి కాగితంలో చుట్టు. గ్రైండరు రాయి తీసి, డ్రమ్ము కడిగి రెండ్రోజులు ఎండబెట్టు. పిండి చారిక ఉన్నా ఎలుక కనిపెడుతుంది. తినేది ఒక్కటీ లోపలికి వెళ్లకూడదు. బియ్యం, చింతపండు, మూత బిగించిన ఆవకాయ సీసా అయినా సరే. గ్యాస్ సిలిండరూ పెట్రోలూ ఎటూ ఒప్పుకోరు.

పట్టుచీరలూ వెండీ నీ దగ్గరే ఉంచుకో, జరీ ఆ గాలికి నల్లబడుతుంది. కలరా ఉండలు వేశాను కదా అనుకోకు, అవి పురుగుకి మందు గాని చెమ్మకి కాదు. తంజావూరు పటమూ అంతే, చెక్క ఉబ్బితే పైనున్న సుద్ద పెళ్లలు లేస్తుంది. సర్టిఫికెట్లూ పాస్‌పోర్టూ సంగతి చెప్పక్కర్లేదు.

నీ రెంటర్స్ ఇన్సూరెన్స్, అదే అద్దెకున్నవాళ్లు సామానుకి చేయించుకునే బీమా, కాగితం తీసి చదువు. ఇప్పటి పాలసీల్లో చాలావాటికి స్టోరేజ్‌లో ఉన్న సామానుకి మొత్తంలో 10 శాతమో, వెయ్యి డాలర్లో, ఏది ఎక్కువైతే అంతవరకే. 30,000 పాలసీ అయితే 3,000. వరద, బూజు, ఎలుక అందులో రావు. స్టోరేజ్ వాళ్లు అమ్మే ప్లాన్లో కూడా ముందు ఏవి రావని రాశారో ఆ పేజీయే చదువు. అందుకే ఎత్తు చూసుకోమంటున్నాను.

అద్దె కార్డు నించి ఆటోమేటిగ్గా పోయేలా పెడతావుగా, ఆ కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకో. డబ్బు అందకపోతే నీ తాళం మీద వాళ్ల తాళం పడుతుంది, నోటీసు పంపి ఆ తర్వాత సామాను వేలం వేసే హక్కు వాళ్లకుంటుంది. నైట్ డ్యూటీల్లో ఉండి ఈమెయిల్ చూడకపోతే అంతే సంగతులు. రెండో ఫోన్ నంబరుగా మాది రాయించు. ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, సగం నెలకి డబ్బు తిరిగొస్తుందో లేదో సంతకం పెట్టకముందే అడుగు.

తాళం గుండ్రటిది, డిస్క్ లాక్ కొను. మామూలు తాళం కొంకి కట్టర్‌కి ఇట్టే తెగుతుంది, దీని కొంకి బయటికి కనపడదు. షట్టర్ గొళ్లెం రంధ్రంలో పడుతుందో లేదో చూసుకునే కొను. రెండు చెవులొస్తాయి. ఒకటి మాకు పోస్టులో పంపు, నాన్నగారు మంచు కురవకముందే వచ్చి ఆ కోట్ల పెట్టె తీసి నీకిస్తారట.

అమ్మ